రుగర్ 10/22లో ఖాళీ షెల్ ఇరుక్కుంటే ఏం చేయాలి?

రుగర్ 10/22 అనే .22 రైఫిల్‌లో కాల్చాక ఖాళీ షెల్ (తూటా వెనక ఉండే లోహపు గొట్టం) బయటికి రాలేదనగానే చాలామంది కొత్త ఎక్స్‌ట్రాక్టర్ (షెల్‌ని పట్టి బయటికి లాగే కొక్కెం) ఆర్డర్ పెట్టేస్తారు. అది ఆఖర్న చేయాల్సిన పని.

కళ్లద్దాలు పెట్టుకోండి. బ్యారెల్ టార్గెట్ వైపే ఉంచి మ్యాగజైన్ తీసేయండి. ట్రిగ్గర్ నొక్కినా పేలకపోతే బోల్ట్ (తూటా వెనక ముందుకూ వెనక్కూ జరిగే లోహపు దిమ్మ) ముట్టుకోకుండా 30 సెకన్లు ఆగండి.

ఇప్పుడు షెల్ ఎక్కడ ఆగిందో చూడండి. బయటికి వచ్చి, బోల్ట్‌కీ, షెల్ బయటికి పడే కిటికీ అంచుకీ మధ్య పొగగొట్టంలా నిలబడితే, బోల్ట్ వెనక్కి పూర్తిగా రాలేదన్నమాట. ఈ రైఫిల్‌లో గ్యాస్ గొట్టాలేమీ లేవు, షెల్ వెనక్కి తన్నే బలమే బోల్ట్‌ని తోస్తుంది. మడ్డి పట్టినా, తూటాలో బలం తక్కువైనా ఆ తోపు చాలదు. శుభ్రం చేసి, హై వెలాసిటీ తూటాలతో ఒక మ్యాగజైన్ కాల్చి చూడండి.

షెల్ ఛాంబర్‌లోనే (బ్యారెల్ వెనక చివర తూటా కూర్చునే చోటే) ఉండిపోతే మాత్రం తొందరపడొద్దు. స్క్రూడ్రైవర్‌తో షెల్ వెనక అంచు పట్టి పెకలించేవాళ్లను చూస్తే నాకు గుండె ఆగినంత పనవుతుంది. .22 తూటాలో పేలే మందు ఆ అంచులోనే ఉంటుంది. లోపల ఉన్నది పేలని తూటా అయితే మీ చేతిలోనే పేలుతుంది. అంచు మీద ఫైరింగ్ పిన్ (తూటాని కొట్టి పేల్చే పిన్ను) నొక్కు కనబడింది కదా అనుకోవద్దు, పేలని తూటా మీదా ఆ నొక్కు ఉంటుంది. శబ్దం మామూలుగా వచ్చి, టార్గెట్ మీద కొత్త రంధ్రం కూడా పడితేనే అది ఖాళీ షెల్. అప్పుడు బోల్ట్ వెనక్కి లాక్ చేసి, ముందువైపు నుంచి క్లీనింగ్ రాడ్ దించి మెల్లగా తోయండి. అతుకుల రాడ్ వాడకండి, కోటింగ్ ఉన్న ఒంటి రాడ్ మాత్రమే వాడాలి. ఏమాత్రం అనుమానమున్నా రేంజ్ ఆఫీసర్‌ని (షూటింగ్ మైదానంలో భద్రత చూసే అధికారిని) పిలవండి.

తర్వాత ఛాంబర్‌ని బ్రష్‌తో రుద్ది పొడిగా తుడవండి. నూనె బోల్ట్ పైభాగానికి ఒక్క చుక్క చాలు. స్ప్రే కొట్టి తడిపేస్తే మసి ముద్దకట్టి కథ మళ్లీ మొదటికొస్తుంది.

ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం కింద టూత్‌పిక్ పెట్టి గీకండి. తూటా మీది మైనం, సీసం అక్కడే గట్టిపడతాయి. మొన్న మా బావమరిది రైఫిల్‌లో నువ్వుగింజంత నల్ల ముద్ద వచ్చింది. అది తీశాక పాత కొక్కెంతోనే 50 తూటాలు ఆగకుండా పోయాయి.

కొక్కెం మొన నిజంగా అరిగి ఉంటేనే మార్చండి. దాన్ని పట్టి ఉంచే చిన్న పిన్ను వెనక స్ప్రింగ్ ఉంటుంది. విప్పేటప్పుడు బోల్ట్‌ని పారదర్శకమైన ప్లాస్టిక్ సంచిలో పెట్టి, చేతులు అందులోనే ఉంచి విప్పండి. స్ప్రింగ్ ఎగిరినా సంచిలోనే పడుతుంది.