ఒకే రౌటర్ వెనక మూడు ఇంటర్నెట్ ఫోన్లు: ఒకదానికొకటి అడ్డుపడకుండా ఎలా పెట్టుకోవాలి?

డాలస్ పక్కన ఫ్రిస్కోలో మా అక్కావాళ్లింట్లో మూడు ఇంటర్నెట్ ఫోన్లున్నాయి. ఒకటి బావకి ఆఫీసువాళ్లిచ్చిన డెస్క్ ఫోను, రెండోది ఇంటి నంబరు అడాప్టరు (మామూలు ఫోన్‌ని ఇంటర్నెట్‌కి కలిపే చిన్న పెట్టె). మూడోది, విజయవాడ నుంచి వచ్చి ఉంటున్న అమ్మ గదిలోని గ్రాండ్‌స్ట్రీమ్ కంపెనీ అడాప్టరు. ఆఫీసు ఫోను పలికిన రోజు ఇంటి ఫోను పలకదు. అమ్మ "హలో, వినపడుతోందా?" అని అరుస్తూనే ఉంటుంది, అవతల పిన్నికి ఒక్క ముక్కా వినపడదు. ఒక ఆదివారం కూర్చుని అన్నీ సరిచేశాం. ఆ వరసే ఇది.

ఇంట్లో ఎన్ని ఫోన్లున్నా బయటికి కనిపించే ఐపీ అడ్రస్ ఒక్కటే. వచ్చిన కాల్ ఎవరిదో రౌటర్ పోర్టు నంబరు (ఒకే అడ్రస్‌లో గది నంబరు లాంటిది) చూసి తేల్చుకుంటుంది. సిప్ (ఇంటర్నెట్‌లో కాల్ కలిపే పద్ధతి) వాడే ఫోన్లు చాలావరకు ఫ్యాక్టరీ నుంచే 5060 పోర్టుతో వస్తాయి. ముగ్గురూ ఒకే పేరుతో హాజరు పలికితే మంచి రౌటర్ సర్దుకుంటుంది, కొన్ని మాత్రం తికమకపడతాయి.

ముందు అడ్రసులు. రౌటర్ అడ్మిన్ పేజీలో డీహెచ్‌సీపీ రిజర్వేషన్‌కి వెళ్లి ఒక్కో పెట్టెకి ఒక్కో ఐపీ ఖాయం చేయండి. మేం 192.168.1.21, 22, 23 ఇచ్చాం. గ్రాండ్‌స్ట్రీమ్ అడాప్టరైతే దానికి తగిలించిన ఫోను ఎత్తి, స్టార్ మూడుసార్లు కొట్టి 02 నొక్కండి. తన ఐపీ అడ్రస్ తనే చదివి వినిపిస్తుంది.

తర్వాత పోర్టులు. అడాప్టరు పేజీలో లోకల్ సిప్ పోర్టు అని ఉంటుంది. ఒకదానికి 5062, ఇంకోదానికి 5064 పెట్టండి. ఆఫీసు ఫోను సెట్టింగులు సాధారణంగా మన చేతిలో ఉండవు, దాన్ని 5060 మీదే వదిలేసి మిగతావి జరపండి. గొంతు మోసుకెళ్లే ఆర్‌టీపీ పోర్టులు కూడా విడివిడిగా ఉండాలి. ఒకదానికి 16000 నుంచి, మరోదానికి 17000 నుంచి మొదలుపెట్టండి. సర్వర్ పక్కన రాసున్న 5060 జోలికి మాత్రం వెళ్లొద్దు, అది ఫోన్ సర్వీసు కంపెనీవాళ్ల వైపు పోర్టు.

అసలు దొంగ సిప్ ఏఎల్‌జీ. ఫోన్లకి సాయం చేద్దామని రౌటర్లలో పెట్టిన సదుపాయం ఇది. సిప్ సందేశాల్లోపలి అడ్రసుల్ని దారిలోనే తిరగరాస్తుంది, చాలాసార్లు తప్పుగా రాస్తుంది. అమ్మ గొంతు అవతలికి చేరకపోవడానికి కారణం ఇదే. రౌటర్ పేజీలో ఫైర్‌వాల్ లేదా నాట్ (NAT) సెట్టింగుల్లో వెతికి ఆపేయండి. ఆపే వీలే లేకపోతే, ఫోన్ సర్వీసు ఒప్పుకుంటే ఫోన్‌ని టీఎల్ఎస్‌కి (సందేశాల్ని గుప్తీకరించి పంపే పద్ధతికి) మార్చండి. గుప్తీకరించిన సందేశాన్ని ఏఎల్‌జీ చదవలేదు, మార్చలేదు. లేదంటే ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చిన పెట్టెని బ్రిడ్జ్ మోడ్‌లో (రౌటర్ పని మానేసి నెట్‌ని అలాగే దాటించేలా) పెట్టి మీ సొంత రౌటర్ వాడండి.

కాల్స్ వెళ్తున్నా రావడం లేదంటే, రౌటర్ ఆ ఫోన్‌ని మరిచిపోయిందన్నమాట. సిప్ సందేశాలు ఎక్కువగా నడిచే యూడీపీ దారిలో కదలిక లేకపోతే కొన్ని రౌటర్లు దాన్ని 30 సెకన్లకే మూసేస్తాయి. ఫోన్‌లో కీప్-అలైవ్ (నేనున్నానంటూ రౌటర్‌ని పలకరిస్తూ ఉండే సెట్టింగు) ఆన్ చేసి 20 సెకన్లు పెట్టండి.

ఇంత చేశాక 5060ని పోర్ట్ ఫార్వర్డ్ చేయాల్సిన (బయటినుంచి వచ్చేవాటిని నేరుగా ఫోన్‌కి వదలాల్సిన) పనే లేదు, దయచేసి చేయొద్దు. ఇంటర్నెట్‌లో ఆ పోర్టుని వెతుక్కుంటూ తిరిగే స్కానర్లు కోకొల్లలు. అర్ధరాత్రి ఫోను మోగుతుంది, ఎత్తితే ఎవరూ ఉండరు. పెద్దవాళ్లున్న ఇంట్లో ఆ మోత గుండెలదరగొడుతుంది.

ఇక స్పీడు. జీ.711 కోడెక్‌తో (గొంతుని డేటాగా మార్చే పద్ధతి) ఒక కాల్‌కి ఒక్కో వైపు సెకనుకి సుమారు 87 కిలోబిట్లు చాలు, మూడింటికీ కలిపి పావు మెగాబిట్ పైచిలుకు. అయినా ఫొటోలు అప్‌లోడ్ అవుతున్నప్పుడు గొంతు తెగుతుంటే రౌటర్‌లోని క్యూఓఎస్ సెట్టింగులో (ఏ డేటా ముందు పోవాలో చెప్పేది) ఫోన్లకి మొదటి వరస ఇవ్వండి.

చివరగా రౌటర్‌ని, ఆ తర్వాత ఫోన్లని రీస్టార్ట్ చేయండి. వెంటనే పరీక్షించకండి. రౌటర్ ఫోన్లని మరిచిపోతోందేమో తేలేలా పది నిమిషాలు ముట్టుకోకుండా వదిలేసి, అప్పుడు సెల్ నుంచి మూడు నంబర్లకీ ఒక్కొక్కటిగా కొట్టండి. తర్వాత మూడింటిలో ఒకేసారి మాట్లాడి చూడండి.

అమెరికాలో ఉన్నవాళ్లు ఇంకో పని మరవొద్దు. ప్రతి నంబరుకీ 911 (అత్యవసర సాయం నంబరు) అడ్రస్ విడిగా నమోదు చేయాలి, ఇల్లు మారితే మార్చాలి. కొన్ని సర్వీసుల్లో 933 కొడితే నమోదైన అడ్రస్ చదివి వినిపిస్తారు. అమ్మ గది ఫోన్‌లో కొడితే అక్కావాళ్ల పాత అపార్ట్‌మెంట్ అడ్రస్ వినిపించింది. ఆ రాత్రే మార్చాం.