బేస్ క్యాంపులో మంచు తుఫాను పట్టుకుంటే ఎలా గడపాలి?

ఎవరెస్ట్ దక్షిణ బేస్ క్యాంపు 5,364 మీటర్ల ఎత్తున, ఖుంబు హిమానీనదం మీద ఉంటుంది. అక్కడ వాతావరణం చెడగానే చాలామంది స్లీపింగ్ బ్యాగులో దూరి జిప్పు లాక్కుని పడుకుంటారు. ఇంతకన్నా తప్పు పని లేదు. తుఫాను రోజుల్లో బేస్ క్యాంపులో చేతినిండా పని ఉంటుంది.

ముందే పసిగట్టండి

శిఖరం మీది గాలి వేగం ఒక్కటే చూస్తే చాలదు, బంగాళాఖాతాన్ని కూడా చూడండి. 2014 అక్టోబరు 12న మన విశాఖపట్నాన్ని కుదిపేసిన హుద్‌హుద్, రెండు రోజులు తిరిగేసరికి నేపాల్‌లోని అన్నపూర్ణ ప్రాంతం మీద భారీగా మంచు కురిపించింది. నలభై మందికి పైగా చనిపోయారు. 2019 మేలో ఒడిశా తీరాన్ని తాకిన ఫణి ప్రభావానికి ఎవరెస్ట్ రెండో క్యాంపులో టెంట్లు లేచిపోయాయి. సముద్రంలో వాయుగుండం పడిందని తెలిస్తే ఆ రోజే టెంటు తాళ్ళన్నీ బిగించుకోండి.

దగ్గర పెట్టుకోవలసినవి

హెడ్‌ల్యాంపు, ప్లాస్టిక్ పార, రెండు జతల గ్లవ్స్, నీళ్ళ సీసా, రాత్రి మూత్రానికి వేరే సీసా. ఇవి తలగడ పక్కనే ఉండాలి.

రాత్రి మంచు దులపడం

అందరూ తప్పు చేసేది ఇక్కడే. మంచు పడుతుంటే చప్పుడు తగ్గిపోతుంది, లోపల వెచ్చబడినట్టుంటుంది, నిద్ర ముంచుకొస్తుంది. సరిగ్గా అప్పుడే టెంటు అడుగు చుట్టూ మంచు పేరుకుని గాలి వచ్చే సందు మూసుకుపోతుంది. అందుకే అలారం పెట్టుకుని ప్రతి రెండు గంటలకూ లేవాలి. టెంటులో ఇద్దరుంటే వంతులేసుకోండి.

లేచాక లోపలి నుంచి అరచేతితో పైకప్పును మెల్లగా తట్టండి. పిడికిలితో గుద్దితే కర్రలు విరుగుతాయి. మంచు జారింది కదా అని మళ్ళీ పడుకోకండి. జారిన మంచంతా టెంటు పక్కలకే చేరి గోడలను లోపలికి నొక్కుతుంది. బయటికెళ్ళి దాన్ని దూరంగా ఎత్తిపోయాల్సిందే. ముందు తలుపు దగ్గర, తర్వాత గాలి కిటికీల దగ్గర, చివరికి చుట్టూ. ఇనప పార వద్దు. చీకట్లో అది తాళ్ళనూ బట్టనూ కోసేస్తుంది. గుడ్డకు ఆనుకున్న మంచును చేత్తోనే తీయండి. లోపలికి వచ్చేముందు సడలిన తాళ్ళను మళ్ళీ బిగించండి.

చలిగా ఉందని గాలి కిటికీ మూయకండి. టెంటులో గానీ దాని వసారాలో గానీ గ్యాస్ స్టవ్ వెలిగించకండి, గ్లాసుడు టీ కోసమైనా సరే. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. అది ఎక్కితే తలనొప్పి, వాంతులు, మగత వస్తాయి. ఎత్తు పడకపోయినా ఇవే లక్షణాలు. కాబట్టి ‘ఎత్తు పడలేదులే’ అనుకుని మాత్ర మింగి పడుకునేవాళ్ళకు మళ్ళీ మెలకువ రాకపోవచ్చు. తుఫాను రాత్రి తలనొప్పి మొదలైతే ముందు తలుపు తెరిచి బయటి గాలిలోకి రండి, పక్కవాళ్ళనూ లాక్కురండి.

పొద్దున్నే ఒకేసారి తవ్వుకుంటే చాలని కొందరు సీనియర్లు అంటారు. నేను ఒప్పుకోను. పొద్దుటికి ఆ మంచు గడ్డకట్టి రెట్టింపు శ్రమ పెడుతుంది.

తిండి, నడక

అక్కడ నీళ్ళు దాదాపు 83 డిగ్రీలకే మరుగుతాయి. కుక్కర్ లేకుండా పప్పు ఉడకదు. ఆకలి చచ్చిపోతుంది గనుక ఆవకాయ తప్పనిసరి, వెంట లేకుండా బయల్దేరొద్దు. రోజుకు మూడు నాలుగు లీటర్లు తాగండి. తెరిపి దొరికితే క్యాంపు లోపలే గంటసేపు నడవండి, మబ్బుగా ఉన్నా నల్లకళ్ళద్దాలు పెట్టుకునే. ఇక డబ్బు పెట్టి పేకాట మాత్రం వద్దు. జట్టు చీలిపోతుంది.

తుఫాను వెలిశాక

నీలాకాశం కనబడగానే పరుగెత్తకండి. కొత్త మంచు పడిన మొదటి ఇరవై నాలుగు గంటల్లో మంచుచరియలు విరిగిపడే ముప్పు చాలా ఎక్కువ. క్యాంపు పైనే మంచు దిమ్మెలతో, పగుళ్ళతో నిండిన ఖుంబు ఐస్‌ఫాల్‌లో నిచ్చెనలు, తాళ్ళు అమర్చే షెర్పాలు ముందు వెళ్ళి చూసుకోవాలి. దారి సరిచేశామని వాళ్ళు చెప్పేదాకా బూట్లకు క్రాంపాన్లు (మంచు మీద జారకుండా పట్టునిచ్చే లోహపు ముళ్ళు) తగిలించకండి.