బాక్సింగ్ టైటిల్ ఫైట్ రాత్రికి ముందు చూసుకోవాల్సినవి

ముందు టైం. లాస్ వేగస్‌లో శనివారం రాత్రి ఎనిమిదంటే, అక్కడి వేసవిలో మనకు ఆదివారం పొద్దున ఎనిమిదిన్నర. పోటీ సౌదీలోని రియాద్‌లో అయితే, అది మనకంటే రెండున్నర గంటలు వెనక, అక్కడి రాత్రి మనకు ఇంకా ఆలస్యం, కాబట్టి అలారం పెట్టుకోండి. ప్రకటించే టైం మొత్తం కార్డుది, అంటే ఆ రాత్రి జరిగే పోటీలన్నిటిదీ. అసలు పోటీ గంటల తర్వాతే.

ముందురోజు తూకం తప్పకుండా చూడండి. బరువు మించితే ఛాంపియన్ బెల్టు త్రాసు మీదే పోతుంది.

కాగితం మీద పన్నెండు రౌండ్లకు పన్నెండు గళ్లు గీసుకోండి, ఇది మాత్రం మానొద్దు. రౌండు గెలిస్తే 10, ఓడితే 9, కిందపడితే మామూలుగా 8. గంట మోగగానే రాసేయండి, కామెంటరీ విని దిద్దకండి. 2024 మేలో రియాద్‌లో ఉక్రెయిన్ బాక్సర్ ఉసిక్‌తో పోటీలో, తొమ్మిదో రౌండులో బ్రిటన్ బాక్సర్ ఫ్యూరీ తాళ్ల మీదికి తూలిపోతే రిఫరీ కిందపడినట్టే లెక్కపెట్టాడు. ముగ్గురు జడ్జీల్లో ఇద్దరు ఉసిక్‌కి 115-112, 114-113, ఒకరు ఫ్యూరీకి 114-113 ఇచ్చారు. అలా తూలినందుకు ఫ్యూరీకి ఆ ఒక్క పాయింటు పోకపోయుంటే డ్రా! అందుకే ప్రతి గడీ ముఖ్యమే.

బెట్టింగ్ యాప్‌ల జోలికి పోవద్దు, మన రెండు రాష్ట్రాల్లోనూ నేరం. దొంగ లింకులూ వద్దు, సరిగ్గా నాకౌట్ దగ్గరే ఆగిపోతాయి.

రికార్డింగ్ చూసేవాళ్లు పొద్దున్నే వాట్సాప్ తెరవకండి.