తుపాకీతో కృష్ణ దాటే ముందు

లైసెన్స్ ఉందన్న ధీమాతో సంచిలో తుపాకీ పెట్టుకుని వాడపల్లి వంతెన ఎక్కేయకండి. ముందు లైసెన్స్‌లో ఏ ప్రాంతానికి చెల్లుతుందో రాసిన గడి చూడండి. అందులో జిల్లా పేరో, తెలంగాణ అనో ఉంటే వంతెన అవతల, ఆంధ్రప్రదేశ్‌లో, ఆ కాగితం పనిచేయదు. అలంపూర్ చౌరస్తా దాటి కర్నూలుకైనా, మక్తల్ మీదుగా రాయచూరుకైనా ఇదే లెక్క.

చాలామంది బోల్తా పడేది ఉమ్మడి రాష్ట్రం నాటి పాత లైసెన్స్ పుస్తకాలతో. ఆంధ్రప్రదేశ్ అని రాసుంది కదా అని వాదించడం కన్నా, లైసెన్స్ ఇచ్చిన అధికారి దగ్గరే పరిధి సరిచేయించుకోవడం మేలు. నల్లగొండలాంటి చోట అది కలెక్టరేట్. అవసరం ఏమిటో రాసి, పరిధి పెంచమని దరఖాస్తు పెట్టాలి. ఆమోదం లైసెన్స్ మీద ఎక్కాకే బయల్దేరాలి, రసీదు చాలదు.

ప్రయాణంలో తూటాలు తీసేసి, తుపాకీ కనపడకుండా కవర్‌లో పెట్టండి. అసలు లైసెన్స్ వెంట ఉండాలి. తుపాకీ సీరియల్ నంబరు, యూఐఎన్ (లైసెన్స్‌దారుకు ఇచ్చే విశిష్ట గుర్తింపు సంఖ్య), గడువు సరిపోవాలి. డ్రైవర్ చేతికిచ్చి పంపడం వద్దు, లైసెన్స్ మీ పేరు మీదిది. జాతరకు, ఊరేగింపుకు తీసుకెళ్లకూడదు. షరతులు మీరితే ఆయుధాల చట్టం 30వ సెక్షన్ కింద 6 నెలల వరకు జైలు పడొచ్చు.

ఎన్నికల కోడ్ ఉంటే తుపాకులు అప్పగించమనే డిపాజిట్ ఉత్తర్వులు రెండు వైపులా ఉన్నాయేమో కనుక్కోండి.