హెరాల్డ్ స్టీరింగ్ గుంజుతోందా? అలైన్‌మెంట్‌కు ముందు చూడాల్సినవి

మద్రాసులో 1961 నుంచి తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ కారు అసలు ఇంగ్లండ్‌లోని ట్రయంఫ్ హెరాల్డే. ఆ ఛాసిస్‌నే పొట్టిగా చేసి 1962లో ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ స్పోర్ట్స్ కారు తెచ్చారు. ముందు సస్పెన్షన్ దాదాపు ఒకటే కాబట్టి కింద రాసినవి రెండింటికీ పనికొస్తాయి. హనుమకొండలో మా హెరాల్డ్‌తో ఏళ్లుగా తిప్పలు పడ్డాక ఒకటి గట్టిగా చెప్పగలను: మొదట టైర్ల గాలి, తర్వాత అరిగిన కీళ్ల లూజు, ఆ తర్వాతే అలైన్‌మెంట్ (చక్రాల వాలు, దిశ సరిచేయడం). ఈ వరస తప్పితే డబ్బులు దండగ.

మలుపులో వెనక భాగం జారుతున్నట్టు ఉంది, గుంతల్లో ఎగిరెగిరి పడుతోంది

మొదట గాలి చూడండి. పెట్రోల్ బంకులో అడగకుండానే నాలుగు టైర్లకూ 33, 35 కొట్టేస్తారు. ఇప్పటి కార్లకు అది సరిపోతుంది, ఈ బండికి కాదు. దీని వెనక చక్రాలు స్వింగ్ యాక్సిల్ మీద, అంటే బండి మధ్య నుంచి కిందికీ పైకీ ఊగే ఇరుసుల మీద ఉంటాయి. మలుపులో వెనక పట్టు తప్పే గుణం దానికి పుట్టుకతోనే ఉంది. ముందు గాలి తక్కువ, వెనక ఎక్కువ పెడితే ఆ గుణం అణుగుతుంది. స్పిట్‌ఫైర్ తర్వాతి మోడళ్ల హ్యాండ్‌బుక్‌లో ముందు 21, వెనక 26 పీఎస్‌ఐ అని ఉంటుంది. నా హెరాల్డ్‌కూ రేడియల్ టైర్లతో అదే పెడుతున్నాను. పొద్దున్నే, బండి తీయకముందే కొలవాలి. వేడి పది డిగ్రీలు పెరిగితే ప్రెషర్ సుమారు ఒక పీఎస్‌ఐ పెరుగుతుంది. మే నెల మధ్యాహ్నం వరంగల్ రోడ్డు మీద చూసిన రీడింగ్‌ను నమ్మి గాలి తీసేయకండి.

స్టీరింగ్ ఎడమకు గుంజుతోంది

మన రోడ్లు ఎడమకు కాస్త వాలుగా ఉంటాయి, కొద్దిగా పోవడం మామూలే. ఎక్కువైతే ముందు టైర్లు రెండూ అటుదిటు మార్చండి. గుంజుడు కుడికి మారితే తప్పు టైరుదే. మారకపోతే కాస్త దూరం నడిపి ఆపి, రెండు ముందు చక్రాల వేడి పోల్చి చూడండి. ఒకటి బాగా కాలుతుంటే బ్రేకు పట్టేస్తోందన్నమాట.

స్టీరింగ్ బరువుగా ఉంది, తిప్పాక తనంతట తాను వెనక్కి రావడం లేదు

ఇక్కడ మాత్రం అజాగ్రత్త వద్దు. ముందు చక్రాన్ని పట్టుకునే కింది చేయి (విష్‌బోన్) చివర ట్రనియన్ అనే ఇత్తడి రంగు ముక్క ఉంటుంది. చక్రం తిరిగేటప్పుడు చక్రాన్ని మోసే నిలువు లింకు కింది మరలు దాని లోపలే తిరుగుతాయి. అందులోకి గేర్ ఆయిల్, అంటే ఈపీ 90, పోవాలి. మన దగ్గర ఏ షెడ్డుకు పోయినా గ్రీజు గన్ పెట్టేస్తారు. ఒక షెడ్డులో నా బండికీ అదే జరిగింది. గ్రీజు గట్టిపడి మరల చివరిదాకా చేరదు, అడుగున నీళ్లు నిలిచి లింకు తుప్పు పడుతుంది. అది విరిగితే చక్రం పక్కకు మడుచుకుపోతుంది. ప్లగ్ తీసి, నిపుల్ బిగించి, నూనె బయటికి కారేదాకా గన్‌తో ఎక్కించండి. తర్వాత జాకీ ఎత్తి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. కటకట వినిపిస్తే అలైన్‌మెంట్‌కు పోవద్దు, ముందు ఆ భాగం మార్పించండి.

ముందు టైర్లు రంపంలా అరుగుతున్నాయి

టైరు మీద అరచేయి అడ్డంగా నడపండి. లోపలి నుంచి బయటికి రాస్తే గరుకుగా, బయటి నుంచి లోపలికి నున్నగా తగిలితే టో-ఇన్ (ముందు చక్రాల ముందు అంచులు లోపలికి తిరిగి ఉండటం) ఎక్కువైందని అర్థం. దీన్ని ఇంట్లోనే కొలవచ్చు. ముందు టైర్లు రెండింటి మీదా, ఒక్కోదాని నడిమధ్య సుద్దతో గీత గీయండి. ముందు వైపు, యాక్సిల్ ఎత్తులో గీతల మధ్య దూరం కొలవండి. అవే గీతలు వెనక వైపుకు వచ్చేదాకా బండిని ముందుకు తోసి మళ్లీ కొలవండి. ముందు దూరం 1.5 నుంచి 3 మి.మీ. తక్కువ ఉంటే చాలు. జాకీ దించిన వెంటనే మాత్రం కొలవకండి. స్వింగ్ యాక్సిల్ చక్రాలు లోపలికి ముడుచుకునే ఉంటాయి, బండిని నాలుగు గజాలు ముందుకూ వెనక్కూ తోస్తేనే సర్దుకుంటాయి.

వెనక టైర్లు లోపలి అంచున అరుగుతున్నాయి

వెనకాల అడ్డంగా ఉన్న కమాను (పట్టీల స్ప్రింగు) కుంగింది. లారీ కమాన్లు కట్టేవాళ్లు సరిచేయగలరు. కానీ లారీ అలవాటుతో వంపు ఎక్కువ పెడితే వెనక భాగం లేచి, చక్రాల పైభాగం బయటికి వాలుతుంది. మలుపులో అది ఇంకా ప్రమాదం. కట్టే ముందే ఎత్తు కొలిచి ఇవ్వండి.

అంతా అయ్యాక స్టీరింగ్ వంకరగా ఉంది

స్టీరింగ్ చక్రం ఊడదీసి మళ్లీ బిగించమంటే ఒప్పుకోవద్దు. స్టీరింగ్‌ను ముందు చక్రాలకు కలిపే టై రాడ్‌లలో ఒకదాన్ని ఎంత పొట్టి చేస్తే రెండోదాన్ని అంతే పొడుగు చేయించండి. టో మారదు, స్టీరింగ్ నిటారుగా వస్తుంది.