పాలిస్టర్ బట్టలు ఉతికేటప్పుడు

పాలిస్టర్, నైలాన్ బట్టలను మెషీన్‌లో ఉతికిన ప్రతిసారీ సన్నటి ప్లాస్టిక్ పోగులు రాలి, మురుగునీటి వెంట సముద్రం దాకా పోతాయి. బట్ట కూడా త్వరగా పలచబడుతుంది. అందుకే డ్రమ్ము ముప్పావు వంతు నిండాకే, 30 డిగ్రీలు దాటని నీటితో, 30 నిమిషాల్లో ఉతుకు ముగిస్తున్నాను. నీరు కాచే కరెంటూ మిగులుతోంది. మెషీన్ నుంచి మురికినీరు బయటికి పోయే గొట్టం చివర పాత నైలాన్ మేజోడు రబ్బరు బ్యాండుతో బిగించాను. నాలుగు ఉతుకులకే బొటనవేలంత బూడిదరంగు నూగు ముద్ద! చూస్తే మనసు చివుక్కుమంది. ఆ నూగును సింకులో కడిగితే మళ్లీ సముద్రానికే చేరుతుంది. ఆరబెట్టి చెత్తబుట్టలో వేయాలి. మేజోడు నిండిపోతే మాత్రం నీరు వెనక్కి తన్ని నేలంతా తడుస్తుంది. రెండు ఉతుకులకోసారి విప్పి చూడండి. గొట్టం గోడలోపలి పైపులోకి దిగి ఉంటే ఈ మేజోడు పద్ధతి పనికిరాదు.