రోస్టర్ రిజిస్టర్ అడిగి చూడండి

నెల్లూరులోనో ఒంగోలులోనో ఒక శాఖ జిల్లా పోస్టులకు నోటిఫికేషన్ ఇస్తే ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులు చూసేది ఖాళీల పట్టిక. అసలు లెక్క దాని వెనకున్న రోస్టర్ రిజిస్టర్‌లో, అంటే ఏ వరుస నంబరు పోస్టు ఏ వర్గానిదో రాసి ఉంచే పుస్తకంలో ఉంటుంది.

ఎస్సీలకు 15, ఎస్టీలకు 6 శాతం అన్నది తెలిసిందే. ఆ వాటాలు వరుస నంబర్లకు కట్టేసి ఉంటాయి, ఒక్కో నంబరును పాయింటు అంటారు. 100 పాయింట్ల రోస్టర్‌లో ఎస్టీలవి 8, 25, 33, 58, 75, 83. 2025లో ఎస్సీ వర్గీకరణతో రోస్టర్ 200 పాయింట్లయింది. మూడు ఎస్సీ గ్రూపుల వాటాలు 1, 6.5, 7.5 శాతం, అర పోస్టు ఇవ్వలేరు కదా, 200లో అయితే 2, 13, 15గా సరిపోతాయి.

తప్పు ఎక్కువగా జరిగేది మొదలుపెట్టే చోట. గత నియామకం 20వ పాయింటు దగ్గర ఆగిందనుకోండి. ఇప్పుడు 5 పోస్టులంటే 21 నుంచి 25 దాకా: 22 ఎస్సీది, 25 ఎస్టీది. మళ్లీ ఒకటి నుంచి లెక్కేస్తే ఎస్సీకి 2వ పాయింటు దక్కుతుంది గానీ ఎస్టీకి ఏమీ రాదు. యానాది కుర్రాడి ఉద్యోగం అలా కాగితం మీదే మాయమవుతుంది.

రెండోది బ్యాక్‌లాగ్, అంటే భర్తీ కాక మిగిలిన రిజర్వుడు పోస్టులు. ఎస్టీ అభ్యర్థి దొరకలేదని ఆ పోస్టును ఓపెన్‌లో కలిపేయకూడదు, తర్వాతి నియామకానికి తీసుకెళ్లాలి. 2000 నాటి 81వ రాజ్యాంగ సవరణ ప్రకారం బ్యాక్‌లాగ్ ఖాళీలను ఆ ఏడాది రిజర్వేషన్ల 50 శాతం పరిమితిలో లెక్కించనక్కర్లేదు. ఇక మెరిట్‌తో ఓపెన్‌లో వచ్చిన ఎస్సీ అభ్యర్థిని రిజర్వుడు పాయింటు మీద చూపిస్తే, ఇంకొకరికి దక్కాల్సిన పోస్టు పోయినట్టే.

సమాచార హక్కు దరఖాస్తు ఆ శాఖ పౌర సమాచార అధికారి పేర పెట్టండి. జిల్లా ఆఫీసుకు రుసుం 10 రూపాయలు, మండలానికి 5. దారిద్య్రరేఖకు దిగువనున్నవాళ్లకు ఉచితం. ‘మాకెందుకు ఇవ్వలేదు’ అని రాస్తే అది సమాచారం కాదని తిప్పికొడతారు. నకళ్లే అడగాలి: ఆ కేడర్ రోస్టర్ పేజీలు, గత నియామకం ఆగిన పాయింటు, బ్యాక్‌లాగ్ వివరాలు, మార్కులతో ఎంపిక జాబితా. 30 రోజుల్లో జవాబు రాకపోతే, ఆపై 30 రోజుల్లోపు మొదటి అప్పీలు వేయాలి.

తేడా కనబడితే పాయింటు నంబరు రాసి, నకలు జతచేసి, సోమవారం కలెక్టరేట్ అర్జీల్లో ఇవ్వండి, రసీదు తీసుకోండి. ఎస్సీ, ఎస్టీ కమిషన్లకూ రాయొచ్చు. నియామక పత్రాలు ఇచ్చేలోపే కదలాలి, ఇచ్చేశాక కోర్టులో చేరినవాళ్లందరినీ ప్రతివాదులుగా చేర్చాల్సి వస్తుంది.